టౌన్ ప్రెసిడెంటు అయిన అల్లుడికి

అల్లుడికి మామ ఆశీస్సులు.

నిన్ను ఫ్యాన్స్ అసోసియేషన్‌కు అనంతపురం టౌన్ ప్రెసిడెంటుగా వేశారని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. సినిమా పిచ్చికి పదవి కూడా ఒకటా అని మీ నాన్న గొణుగుతున్నాడంట. ఆ మాటకు చిన్నబోవద్దు. మా కాలంలో కొత్త సినిమా వస్తుందంటే రీలు పెట్టెలను డప్పులు కొట్టుకుంటూ థియేటర్ దాకా ఊరేగించేవాళ్లం. పెట్టె ఎవరి నెత్తిన ఉండాలి, ముందు వరసలో ఎవరు నడవాలి అని ఎన్ని గొడవలయ్యేవో మీ నాన్నకూ తెలుసు. ఇప్పుడు పెట్టెలు పోయి డిజిటల్ వచ్చింది. ముందు వరస గొడవ మాత్రం అట్లే ఉంది. దాని గురించే ఈ జాబు.

ఒక హీరో అభిమానులంతా ఒకటేనని మైకులో చెబుతాం గానీ లోపల చాలా మెట్లుంటాయి. హీరోతో ఫోటో దిగినవాడు ఒక మెట్టు పైన. హీరో పేరు పెట్టి పలకరించినవాడు ఇంకో మెట్టు పైన. థియేటర్ మేనేజర్ లేచి కుర్చీ వేస్తే అదొక హోదా. నిన్నటి దాకా నీతో సగం టీ పంచుకున్నవాడు రేపటి నుంచి నిన్ను ‘అన్నా’ అంటాడు. అట్లా అనిపించుకోవడం ఎవరికైనా ఇష్టమే, తప్పేం లేదు. కాకపోతే ఆ పిలుపు హైదరాబాద్ నుంచి వచ్చిన లెటర్‌హెడ్‌ను చూసి నాలుగు రోజులే వస్తుంది. ఆ తర్వాత కూడా రావాలంటే అర్ధరాత్రి మైదా జిగురు బకెట్ పట్టుకుని పోస్టర్లు అంటించే పిల్లోళ్లకు నీ మీద నమ్మకం ఉండాలి.

అందుకే ముందు ఫ్లెక్సీ సంగతి చూడు. బయటివాళ్లకు ఫ్లెక్సీలో హీరోనే కనిపిస్తాడు. మనవాళ్ల కళ్లు పోయేది కింద వరసకు. డిజైన్ షాపులో సిస్టమ్ ముందు ఒక గంట కూర్చుంటే నీకే అర్థమవుతుంది. గుండ్రటి బిళ్లల్లో పాస్‌పోర్టు ఫోటోలు, వాటి కింద పేర్లు. ఎవరి బిళ్ల పెద్దది, ఎవరిది మధ్యలో, ఎవరిది అంచున పడి మడతలో పోతుంది, ఎవరి పేరు తప్పుగా కొట్టారు, ఇదంతా వాళ్లకు పట్టింపే. ఎక్కువ చందా ఇచ్చినవాడి మొహం పెద్దది చేయడం ఊళ్లో అలవాటు. నువ్వు దాన్ని మాన్పించు. నీ ఫోటో కూడా అందరి సైజులోనే ఉండాలి. రూపాయి ఇవ్వలేకపోయినా ఒళ్లొంచి పనిచేసేవాడి ఫోటో తప్పకుండా ఉండాలి. పాతూరులో మెకానిక్ షెడ్డులో పనిచేసే పిల్లోడి మొహం సప్తగిరి సర్కిల్లో కనిపిస్తే వాడు వాళ్ల అమ్మను తీసుకొచ్చి చూపిస్తాడు. ఆ పిల్లోడికి ఊళ్లో తనకూ ఒక పేరుందని తెలిసేది ఆ రోజే.

ఫ్లెక్సీ కట్టే విషయంలో మాత్రం నేను చెప్పినట్టే చేయాలి, వేరే మాట లేదు. 2020 సెప్టెంబర్‌లో చిత్తూరు జిల్లా శాంతిపురం దగ్గర పవన్ కళ్యాణ్ పుట్టినరోజు ఫ్లెక్సీ కడుతూ ముగ్గురు చనిపోయారు. 2023 జూలైలో పల్నాడు జిల్లాలో సూర్య పుట్టినరోజుకు ఇద్దరు విద్యార్థులు, 2024 జనవరిలో కర్ణాటకలోని గదగ్ జిల్లాలో యష్ పుట్టినరోజుకు ముగ్గురు. మూడుచోట్లా పైనున్న కరెంటు తీగే తగిలింది. పక్క హీరో కటౌట్ కంటే మనది ఒక అడుగు ఎత్తుండాలనే పంతం పిల్లోళ్లను పైకెక్కిస్తుంది. ఆ పంతాన్ని ఆపగలిగేది ప్రెసిడెంటు ఒక్కడే. తీగల కింద కట్టవద్దు, ఇనుప ఫ్రేమ్ లేపవద్దు, రాత్రి పూట ఎక్కనివ్వవద్దు. కార్పొరేషన్ పర్మిషన్ తీసుకుని, రోజూ అదే పని చేసేవాళ్లకు కూలి ఇచ్చి పగలే కట్టించు. మనది చిన్నగా ఉందని ఎవరైనా ఎగతాళి చేస్తే చేయనీ.

ఇక టికెట్లు. సినిమా ముందు ఎవరు చూశారన్నది ఫ్యాన్స్‌లో పెద్ద గొప్ప. తెల్లవారుజామున షో చూసి బయటికొచ్చి టాక్ చెప్పేవాడి చుట్టూ పదిమంది మూగుతారు. కాబట్టి ఆ రోజు నీ చేతిలో ఉండే టికెట్ల కట్ట బంగారంతో సమానం, ప్రెసిడెంట్ల పేరు పోయేదీ ఎక్కువగా దాని దగ్గరే. థియేటర్ వాళ్లు ఎన్ని ఇచ్చారో అందరి ముందు లెక్కపెట్టు. లిస్టు ముందురోజే వాట్సాప్ గ్రూపులో పెట్టు. పోస్టర్లు అంటించినవాళ్లవి ముందు, చందా ఇచ్చినవాళ్లవి తర్వాత, నీ బంధువులవి చివర. రాప్తాడు, కూడేరు నుంచి బండి మీద వచ్చేవాళ్లకు కొన్ని పక్కన పెట్టు, ఊళ్లోవాళ్లు వాళ్లను ఎప్పుడూ మర్చిపోతారు. టికెట్ మీద ఉన్న రేటుకు ఒక్క రూపాయి ఎక్కువ తీసుకోవద్దు. బ్లాకులో అమ్మినవాడు నీకెంత దగ్గరివాడైనా ఆ రోజే గ్రూపులోంచి తీసెయ్యి.

లిస్టులో పేరు లేనివాళ్లను గేటు దగ్గరికి రానివ్వవద్దు. 2024 డిసెంబర్ 4 రాత్రి హైదరాబాద్ సంధ్య థియేటర్ దగ్గర తొక్కిసలాటలో ఒక తల్లి చనిపోయింది, ఆమె కొడుకు ప్రాణాల మీదికొచ్చింది. మన ఊరి సంగతి కూడా నీకు తెలిసిందే. 2025 జనవరి 9న ఇక్కడ బాలకృష్ణ సినిమా ఈవెంట్ జరగాల్సింది. ముందురోజు రాత్రి తిరుపతిలో వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల దగ్గర తొక్కిసలాటలో ఆరుగురు పోయారని ఈవెంట్ ఆపేశారు. ఎంత ఏర్పాటు చేసినా ఆపాల్సినప్పుడు ఆపాలి. నీ చేతిలో ఉన్నది చిన్న ర్యాలీ అయినా సరే.

పుట్టినరోజు నాడు రక్తదానం పెడతారు కదా, దాని గురించి నాకు చాలా పట్టింపు ఉంది. చిరంజీవి 1998లో బ్లడ్ బ్యాంక్ పెట్టినప్పటి నుంచి మన అభిమాన సంఘాల్లో ఇది గౌరవంగా చెప్పుకునే పని అయింది. కానీ అందరూ ఒకే రోజు ఇచ్చి, పడుకుని ఫోటో దిగి, మళ్లీ ఏడాదికి గానీ అటు పోరు. మామూలుగా రక్తం సంచిలో 35 నుంచి 42 రోజులకు మించి ఉండదు, ప్లేట్‌లెట్లయితే 5 రోజులే. తలసేమియా ఉన్న పిల్లలకు రెండు మూడు వారాలకొకసారి ఎక్కించాలి, వాళ్లకు మీ హీరో పుట్టినరోజుతో పని లేదు. ఒక నోట్‌బుక్ పెట్టు. పేరు, బ్లడ్ గ్రూపు, చివరిసారి ఇచ్చిన తేదీ రాయి. పద్దెనిమిదేళ్లు నిండి, 45 కిలోల బరువుండి, ఆరోగ్యంగా ఉన్న మగవాళ్లు మూడు నెలలకొకసారి ఇవ్వొచ్చు. పుట్టినరోజుకు కొందరు, మిగతా నెలల్లో వంతులవారీగా కొందరు పోవాలి. ఎండాకాలంలో కాలేజీలు మూతపడి దాతలు తగ్గుతారు, అప్పుడు మీవాళ్లు ఎక్కువగా ఉండేట్టు చూడు. పెద్దాసుపత్రి నుంచి రాత్రి పూట ఫోన్ వస్తే మీ అసోసియేషన్ పేరే ముందు గుర్తు రావాలి. పాలాభిషేకానికి తెచ్చే పాల డబ్బులు దాతలకు పండ్ల రసాలకు వాడుకోండి, నేను కూడా చందా ఇస్తాను.

ఆన్‌లైన్ సంగతి నాకంటే నీకే బాగా తెలుసు. నాకు కనిపించేది ఒకటే. పదివేల మంది ఫాలోవర్లు ఉన్నవాడు, గోడకు పోస్టర్ అంటించేవాడు ఒకరినొకరు లెక్కచేయడం లేదు. ఇద్దరినీ ఒకేచోట కూర్చోబెట్టు. కలెక్షన్ల పోస్టర్ వేసే ముందు అది గ్రాసో షేరో అడిగి తెలుసుకోమను. టికెట్ల మీద వచ్చిన మొత్తం గ్రాస్. పన్నులు, థియేటర్ అద్దె పోగా డిస్ట్రిబ్యూటర్‌కు మిగిలేది షేర్. ఈ రెండూ కలిపేసి సీడెడ్ (సినిమా వ్యాపారంలో రాయలసీమ) రికార్డు అని వేస్తే పక్కవాళ్లు ఒక్క పూటలో పట్టేస్తారు. ఇంకో హీరో ఇంట్లో ఆడవాళ్లను తిట్టే పోస్టు మీ వైపు నుంచి పడితే దాన్ని తీయించి, నీ పేరుతో క్షమాపణ పెట్టు. ఎదుటివాళ్లు ఏం పెట్టారన్నది చూడొద్దు.

రేపోమాపో ఎవరో ఒకరు వచ్చి వార్డు ఎన్నికల టికెట్ మాట ఎత్తుతారు. ఈ జిల్లాలో అది కొత్త కాదు. 1985, 1989, 1994లో మూడుసార్లు, అప్పట్లో ఈ జిల్లాలోనే ఉన్న హిందూపురం ఎన్టీఆర్‌ను గెలిపించింది, ఆ ఎన్నికల్లో జెండాలు మోసినవాళ్లలో సినిమా అభిమానులు చాలామంది. నీకు రాజకీయాల్లోకి పోవాలని ఉంటే పో. ముందు పిల్లోళ్లతో ఆ మాట చెప్పి, ఈ కుర్చీ వదిలి పో. హీరో మీద ప్రేమతో వచ్చినవాళ్లను చెప్పకుండా ఓట్ల లెక్కలో చూపించడం నమ్మకద్రోహం.

హైదరాబాద్ నుంచి ఫోటోలకు పిలుపు వస్తే టౌన్‌కు రెండు మూడు పేర్లే అడుగుతారు. మొదటిసారి నువ్వు పోవద్దు. ఎవరు పోవాలో మీటింగులో అందరినీ అడిగి, పనిచేసినవాళ్లను పంపు. వాళ్లు ఆ ఫోటోను ఫ్రేమ్ కట్టించి ఇంట్లో దేవుడి పటాల పక్కన పెట్టుకుంటారు. నీ వంతు వచ్చే ఏడాదికి.

అప్పు చేసి మాత్రం ఏదీ చేయవద్దు. వచ్చిన చందా, అయిన ఖర్చు నెలకొకసారి గ్రూపులో పెట్టు, కోశాధికారిగా లెక్కల్లో గట్టివాడిని, నీకు ఎదురు మాట్లాడగలిగేవాడిని పెట్టుకో. ఈసారి పుట్టినరోజు ఫ్లెక్సీ డిజైన్ అయ్యాక ప్రింటుకు ఇచ్చే ముందు నాకు వాట్సాప్‌లో పంపు. పేర్లలో తప్పులు, ఎవరైనా మిస్సయ్యారేమో నేను చూసి చెబుతాను.

మీ మామ