పక్షి ప్రదర్శనల్లో న్యాయనిర్ణేత కావాలంటే

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ బైపీసీ రెండో సంవత్సరం. డాబా మీద నలభై దాకా లవ్ బర్డ్స్ పెంచుతున్నాడు. విదేశీ పక్షుల ప్రదర్శనల్లో జడ్జి అవుతానంటున్నాడు. దీనికి ఏ కోర్సు చేయించాలి? ఇది బతుకుతెరువు అవుతుందా?
– ఒక తండ్రి, గుంటూరు

జవాబు: ముందుగా రెండో ప్రశ్నకు సమాధానం చెబుతాను. ఇది జీతం వచ్చే ఉద్యోగం కాదు. ప్రదర్శనలు నడిపే చాలా పక్షి పెంపకందార్ల క్లబ్బుల్లో న్యాయనిర్ణేతకు ప్రయాణ, వసతి ఖర్చులకు మించి పెద్దగా దక్కదు. అలాగని మీ అబ్బాయి కోరికను తోసిపుచ్చవద్దు.

మన దగ్గర లవ్ బర్డ్స్ అని అమ్మేవి చాలావరకు బడ్జీలు, అంటే ఆస్ట్రేలియా నుంచి వచ్చిన బడ్జరిగార్లు. అసలు లవ్ బర్డ్స్ ఆఫ్రికా జాతులు. పక్షిని సరైన పేరుతో పిలవడంతోనే ఈ విద్య మొదలవుతుంది. బ్రిటన్‌లో 1925లో ఏర్పడిన బడ్జరిగార్ సంఘం రూపొందించిన ప్రమాణం ప్రకారం ఆదర్శ పక్షి నడినెత్తి నుంచి తోక చివరిదాకా 216 మిల్లీమీటర్లు ఉండాలి, కొమ్మపై నిట్టనిలువుకు 30 డిగ్రీల వాలులో నిలబడాలి, గొంతు మీద గుండ్రని నల్లచుక్కలు ఆరు సమదూరంలో ఉండాలి, వాటిలో రెండు కొసల్లో ఉన్నవాటి అడుగుభాగాన్ని చెంపమచ్చలు కొంత కప్పాలి. లుటినో (పసుపు), ఆల్బినో (తెలుపు) రకాలకు ఆ చుక్కలే ఉండవు. అదనపు చుక్కల ఈకలను ప్రదర్శనకు ముందు పట్టకారుతో తీసి ముసుగును, అంటే ముఖం నుంచి గొంతు దాకా ఉండే ఒకే రంగు భాగాన్ని, తీర్చిదిద్దడం పెంపకందార్లకు అలవాటు. ఎంత అందమైన పక్షి అయినా ఆరోగ్యంగా లేకపోతే బహుమతికి పనికిరాదు. పంజరం ముందు నిలబడిన కొద్ది క్షణాల్లో ఇవన్నీ పట్టుకునే చూపు ఏ తరగతి గదిలోనూ రాదు, ఏళ్ల తరబడి సొంత పక్షుల్ని పెంచి, పోటీల్లో ఓడి, గెలిచినవాటిని తన పక్షులతో పోల్చి చూసుకున్నవారికే వస్తుంది.

అందుకే క్రమం ఇలా ఉంటుంది: మొదట పెంపకందారు, తరువాత పోటీదారు, ఆపైన పంజరాలను జడ్జి ముందుకు చేర్చే సహాయకుడు, అనుభవజ్ఞుల పక్కన శిక్షణ, చివరికి క్లబ్బు పరీక్ష.

బతుకుతెరువుకు పశువైద్య డిగ్రీ అయిన బీవీఎస్సీ చదివించండి. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం పరిధిలో ఈ కోర్సు ఉంది. ఇంటర్న్‌షిప్‌తో కలిపి అయిదున్నర ఏళ్లు. అఖిల భారత కోటాలోని 15 శాతం సీట్లను నీట్ ర్యాంకుతో భర్తీ చేస్తారు. పంజరపు పక్షులకు వైద్యం తెలిసినవారు మన పట్టణాల్లో అరుదు కాబట్టి అభిరుచి, వృత్తి ఒకదానికొకటి తోడవుతాయి.

ఒక హెచ్చరిక కూడా ఉంది. రామచిలుకను, గోరింకను ఇంట్లో పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. బడ్జీలకు ఆ ఇబ్బంది లేదు కానీ, సన్ కాన్యూర్ వంటి విదేశీ చిలుకలను కొనే ముందు 2024 నిబంధనల కింద కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు సంగతి తెలుసుకోండి.

ఈ చలికాలం పక్షులను జతకట్టించే ముందే అతని చేత ఒక నోట్‌బుక్ మొదలుపెట్టించండి. తల్లిదండ్రులు ఏ పక్షులు, గుడ్డు నుంచి పిల్ల బయటికి వచ్చిన తేదీ, మొదటి పది రోజుల్లో కాలికి తొడిగిన రింగు సంఖ్య, ఈకలు మార్చాక ముసుగు ఎలా వచ్చింది అన్నవి అందులో రాయాలి.