మీ ప్రశ్నలకు జవాబులు: 'కనుక' అన్న ఒక్క మాట

ప్రశ్న: అయ్యగారికి వందనాలు. మా అబ్బాయి అమెరికా నుంచి వస్తూ 'లోగియా' అనే లూథరన్ వేదాంత పత్రిక సంచికలు రెండు తెచ్చాడు. ఒప్పుకోలుకు కట్టుబడిన పత్రిక అని చెప్పాడు. బైబిలు ఉంది, లూథరు చిన్న ప్రశ్నోత్తరి ఉంది. ఇవి చాలవా? ఇలాంటి పత్రిక చేసే పని ఏమిటి?
– ఒక సోదరి, భీమవరం

జవాబు: అమ్మా, 'ఒప్పుకోలు' అనగానే మన గుడిలో అందరికీ పాపపు ఒప్పుకోలే గుర్తుకు వస్తుంది. ఇక్కడ అది కాదు. యేసు ప్రభువని నోటితో ఒప్పుకోవడం గురించి రోమా పత్రిక పదో అధ్యాయంలో పౌలు రాశాడు కదా, ఆ ఒప్పుకోలు. గ్రీకులో ఆ మాటకు 'అదే మాట పలకడం' అని అర్థం. లూథరన్లు అలా కలిసి పలికిన మాటలను ఒకచోట చేర్చి 1580 జూన్ 25న డ్రెస్డెన్‌లో కాంకార్డు గ్రంథంగా వెలువరించారు. లూథరన్లు తమ నమ్మకాన్ని వివరించిన ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రమాణాన్ని చక్రవర్తి ముందు చదివి ఆ రోజుకు సరిగ్గా 50 ఏళ్లు.

అభిషేకం పొందే కాపరి ఈ గ్రంథాన్ని ఏ మాటతో అంగీకరిస్తాడన్నదే అసలు విషయం. 'ఇది లేఖనాలతో ఏకీభవిస్తోంది కనుక ఒప్పుకుంటున్నాను' అనవచ్చు. 'ఏకీభవించినంత మేరకు ఒప్పుకుంటున్నాను' అనీ అనవచ్చు. రెండో మాటతోనైతే ఏ మతగ్రంథం కిందనైనా నిశ్చింతగా సంతకం పెట్టవచ్చు. మీ అబ్బాయి తెచ్చిన పత్రిక 'కనుక' అన్నవారిది. 1992లో మొదలై ఏడాదికి నాలుగుసార్లు వస్తోంది. సంచికలకు నెలల పేర్లుండవు. సంస్కరణ దినం, ఎపిఫనీ, ఈస్టరు కాలం, పరిశుద్ధ త్రిత్వం అని సంఘ పంచాంగాన్ని బట్టి పేర్లు పెడతారు. లేఖన వ్యాఖ్యానం, సంఘ చరిత్ర, సిద్ధాంతం, ఆరాధన క్రమం మీద వ్యాసాలు, పుస్తక సమీక్షలు ఉంటాయి.

ఇలాంటి పత్రిక అవసరం ఎందుకు వచ్చిందో తెలియాలంటే వెనక్కి వెళ్లాలి. అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో సి.ఎఫ్.డబ్ల్యు. వాల్తర్ అనే లూథరన్ కాపరి 1855లో 'లేరె ఉంట్ వేరె' అనే జర్మన్ మాసపత్రిక ప్రారంభించాడు. బోధ, రక్షణ అని ఆ పేరుకు అర్థం. అదే సంవత్సరం గెటిస్‌బర్గ్‌లో ఎస్.ఎస్. ష్ముకర్ అనే మరో లూథరన్ పండితుడు, తన పేరు వేయకుండా, ఆగ్స్‌బర్గ్ ప్రమాణానికి అమెరికా కోసం దిద్దిన పాఠాన్ని కాపరులకు పంపాడు. బాప్తిస్మంలో తిరిగి జన్మించడాన్ని, ప్రభురాత్రి భోజనంలో క్రీస్తు శరీర రక్తాలు నిజంగా ఉండడాన్ని తప్పులుగా లెక్కగట్టాడు. వాల్తర్ 1856 జనవరిలో తన పత్రికలోనే ఒక పిలుపు ఇచ్చాడు: దిద్దని ప్రమాణాన్ని ఒప్పుకునేవారంతా కూర్చుని మాట్లాడుకుందాం రండి. ఆ అక్టోబరులో కొలంబస్‌లో వారు కలుసుకున్నారు. పత్రిక ఏం చేస్తుందని అడిగారు కదా, చెదిరి ఉన్నవారిని ఒక బల్ల దగ్గరకు చేర్చడం అందులో మొదటిదని నేను అంటాను.

ఆ వాదం మన గడప దాకా వచ్చిందమ్మా. ఒప్పుకోలు విషయంలోనే అమెరికా లూథరన్లు చీలి 1867లో జనరల్ కౌన్సిల్ అనే కొత్త కూటమి ఏర్పడింది. 1842లో మిషనరీ హయ్యర్ దొర అడుగుపెట్టిన గుంటూరు పాత కూటమి అయిన జనరల్ సినడ్ చేతిలో ఉండిపోయింది, రాజమండ్రి కౌన్సిల్ చేతికి వెళ్లింది. మీ భీమవరం వైపు సంఘాలు ఆ రాజమండ్రి మిషను బిడ్డలే. ఆ రెండు కూటములు 1918లో కలిశాయి. 1927లో మన ఆంధ్ర సువార్త లూథరన్ సంఘం ఏర్పడింది.

'దిద్దని' అన్న మాటకు ఒక ఉదాహరణ చూపిస్తాను. 1530 నాటి ప్రమాణంలో పదో అధికరణ, క్రీస్తు శరీర రక్తాలు నిజంగా ఉన్నాయని, భుజించేవారికి పంచి ఇస్తారని చెబుతుంది. వేరుగా బోధించేవారిని తప్పుపడుతుంది. ఆ ప్రమాణాన్ని రాసిన మెలాంక్తన్ 1540లో తానే దాన్ని మార్చి రాశాడు. 'ఉన్నాయి' పోయింది. రొట్టెతో, ద్రాక్షారసంతో 'అందించబడతాయి' అని వచ్చింది. చివరి వాక్యమూ పోయింది. లాటిన్‌లో కొద్ది మాటల తేడా.

నేను కొత్తగా కాపరినైన ఏడాది, గోదావరి లంకలో మంచం పట్టిన ఒక పెద్దాయనకు సంస్కారం ఇవ్వడానికి వెళ్లాను. ఆయన రొట్టె నోట పెట్టుకోకుండా అరచేతిలోనే ఉంచుకుని, "అయ్యగారూ, ఇందులో ప్రభువు ఉన్నాడా, లేక ఆయన గుర్తేనా?" అని అడిగారు. ఆ పడవలో వెళుతూ నేను పదో అధికరణ గురించి ఆలోచించలేదు. కానీ చదువుకునే రోజుల్లో మా గురువు ఒక పాత పత్రికలోని వ్యాసాన్ని నాచేత మూడుసార్లు చదివించి ఉండడం వల్ల, "ఉన్నాడు తాతా, తీసుకోండి" అని తడబడకుండా చెప్పగలిగాను. బైబిలు చాలు, ప్రశ్నోత్తరి చాలు. వాటిలో ఉన్న మాట కాపరి నోట బలహీనపడకుండా చూసే పని పత్రికది.

ప్రశ్న: ఇలాంటి పత్రికలు తగవులు పెంచవా?
– ఒక ఉపాధ్యాయుడు, తెనాలి

జవాబు: పెంచిన రోజులున్నాయి. రక్షణకు దేవుడు మనుషులను ముందే ఎన్నుకోవడం గురించి, పైన చెప్పిన వాల్తర్ బోధించినదాన్ని ఎదిరించడానికి 1880లో ఎఫ్.ఎ. ష్మిట్ మరో పత్రికే పెట్టాడు. మరుసటి ఏడాది ఒహాయో సినడ్ అనే లూథరన్ సంఘాల సమూహం వాల్తర్ ఉన్న కూటమి నుంచి బయటికి వెళ్లిపోయింది. ఆ పేజీలు చదివితే నాకు ఇప్పటికీ మనసు బరువెక్కుతుంది. అయినా వాళ్లు ఎదుటివాడి వాక్యాన్ని ఎత్తి రాసి, దాని కింద తమ జవాబు రాశారు. ఏ మాట దగ్గర విడిపోయారో 140 ఏళ్ల తరువాత కూడా వేలు పెట్టి చూపించవచ్చు. గుసగుసలతో చీలిన సంఘాలను మన జిల్లాల్లోనే చూశాను, వాటిలో కారణం అడిగితే చెప్పగలవారు లేరు.

పదో అధికరణ పాఠాలు రెండింటినీ వచ్చే సంచికలో పక్కపక్కన తెలుగులో ఇస్తాను. లాటిన్‌లోని ఆ 'అందించబడతాయి'కి ఇంతకన్నా మంచి తెలుగు మాట తోచినవారు ఈ నెలాఖరులోగా రాయండి.