గ్రహణం భయం తత్వంతో పోతుందా?

ప్రశ్న: మా మామగారు హేతువాద సభలకు వెళ్తారు, నాస్తికవాది గోరా పుస్తకాలు చదువుతారు. మా ఆడపడుచు ఏడో నెలలో పుట్టింటికి వచ్చింది. గ్రహణం రోజు తలుపులు వేసి, కదలకుండా పడుకోబెట్టాలని ఆయనే అంటున్నారు. ఇక ఏ తత్వమైనా పాతుకుపోయిన నమ్మకాన్ని మార్చగలదా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: వినడంతోనే ఆగిపోతే మార్చలేదు. 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టి, 1947లో విజయవాడకు మార్చిన గోరా వాదనతో సరిపెట్టుకోలేదు. సహపంక్తి భోజనాలు, కులాంతర వివాహాలు జరిపించారు. ఆయన భార్య సరస్వతీ గోరా కడుపుతో ఉండగానే గ్రహణం చూశారు. పదిమందిలో చేసి చూపడమే ఆ తత్వానికి బలం.

మీ మామగారి భయం బహుశా రాహుకేతువులది కాదు. 'ఏమన్నా అయితే వియ్యాలవారికి ఏం చెప్పుకోవాలి?' అన్నది. గ్రహణం మొర్రి, అంటే బిడ్డ పెదవో అంగిలో చీలి పుట్టడం, నిజంగా ఉన్న లోపమే, ప్రపంచం మొత్తం మీద సుమారు 700 కాన్పుల్లో ఒకటి. కాబట్టి 'అంతా మూఢనమ్మకం' అని కొట్టిపారేస్తే ఎవరూ వినరు. వారాల లెక్క చెప్పండి. బిడ్డ పై పెదవి కడుపులోనే నాలుగు నుంచి ఏడు వారాల మధ్య, అంగిలి ఆరు నుంచి తొమ్మిది వారాల మధ్య కలుస్తాయి. కలవకపోవడానికి వంశపారంపర్యం, పొగతాగడం, తల్లికి ముందే ఉన్న షుగరు, కొన్ని మూర్ఛ మందులు కారణం కావచ్చు. ఏడో నెలలో పట్టే గ్రహణం ఆ పెదవిని చీల్చలేదు.

బిడ్డ అవయవాలు చూసే ఐదో నెల టిఫా స్కాన్ రిపోర్టు తీసి, పెదవి గురించి ఏం రాశారో డాక్టరు చేత చెప్పించండి. అంగిలి ఒక్కటే చీలితే స్కాన్‌లో తరచూ కనబడదు, ఆ మాటా దాచకండి. దాస్తే, రేపు లోపం బయటపడినప్పుడు నింద గ్రహణం మీదికీ, దాన్ని లెక్కచేయని పిల్ల మీదికీ పోతుంది. చాలా ఇళ్లలో మారిన మనసు మళ్లీ వెనక్కి పోయేది ఇక్కడే.

ఈ మాటలు గ్రహణానికి వారం పది రోజుల ముందే, అల్లుడూ వియ్యపురాలూ ఉండగా జరగాలి. ఆ రోజే వాదనకు దిగితే భయమే గెలుస్తుంది. అన్నిటికన్నా ముందు ఆ అమ్మాయిని అడగండి, బలవంతం వద్దు. వేళకు అన్నం, మంచినీళ్లు మాత్రం ఆపొద్దు. కడుపుతో ఉన్న మనిషిని పస్తు పెట్టడమే అసలు హాని. చూస్తానంటే చంద్రగ్రహణాన్ని మామూలు కళ్లతో చూడొచ్చు. సూర్యగ్రహణానికైతే గీతలు పడని గ్రహణం కళ్లద్దాలు కావాలి, ఎక్స్‌రే ఫిల్ములు పనికిరావు.