సమాధానం: మూడు కార్డుల బొమ్మ, ప్రభావానికి ఆధారం

మూడు గిటార్ కార్డులు (ఒకేసారి మోగించే స్వరాల కలయికలు) గీసి, ఇక బ్యాండ్ పెట్టేయండి అని చెప్పే బొమ్మను స్నిఫిన్ గ్లూ అనే పత్రిక పేరుతో ప్రాజెక్టులో పెడితే సార్ తప్పుపట్టారని, పైగా పంక్ జీన్‌ల (పంక్ రాక్ సంగీతం అభిమానులు సొంతంగా తయారుచేసుకునే చిన్న పత్రికల) ప్రభావానికి ఆధారం చూపమన్నారని రాశారు కదా.

బొమ్మ విషయంలో సార్ మాటే నిజమండీ. అది 1976-77 చలికాలంలో సైడ్‌బర్న్స్ అనే మరో ఇంగ్లిష్ జీన్‌లో వచ్చింది. చాలామంది పొరబడతారు, బాధపడకండి. ఆ ఒక్క పేరు మార్చండి చాలు.

ఆధారానికి మాత్రం స్నిఫిన్ గ్లూనే పట్టుకోండి. లండన్‌లో బ్యాంకు గుమాస్తాగా ఉన్న మార్క్ పెర్రీ 1976 జులైలో దాన్ని మొదలుపెట్టాడు. శీర్షికలు స్కెచ్ పెన్నుతో చేతిరాత, లోపల టైపు, తప్పుల మీద కొట్టివేతలు, ఆపైన జిరాక్స్. బాగా అమ్ముడుపోతున్నప్పుడే 1977లో ఆపేశాడు. మీరూ సొంతంగా ఒకటి పెట్టుకోండని పాఠకులకు చెప్పాడు. నన్ను ఇప్పటికీ కదిలించేది అదే.

ఆ పద్ధతి ఎటు పోయిందో చూపిస్తే ప్రభావం దానంతటదే కనిపిస్తుంది. 1990ల మొదట్లో అమెరికాలో రయట్ గర్ల్ అనే స్త్రీవాద పంక్ ఉద్యమంలోని అమ్మాయిలు అదే కత్తెర, జిగురు, జిరాక్స్‌తో బికినీ కిల్ లాంటి జీన్‌లు తెచ్చారు. ఈసారి పాటలతోపాటు తమపై జరిగే లైంగిక హింస గురించీ రాసుకున్నారు. ఆ కాగితాలు ఇప్పుడు న్యూయార్క్ యూనివర్సిటీ ఫేల్స్ లైబ్రరీలో భద్రంగా ఉన్నాయి. మాగ్జిమమ్ రాక్ఎన్‌రోల్ అనే అమెరికా పంక్ జీన్ అయితే 1982 నుంచి 2019 దాకా అచ్చులోనే వచ్చింది.

స్నిఫిన్ గ్లూ, బికినీ కిల్ పేజీలు పక్కపక్కన పెట్టి చూపించండి. మీ వాదనకు అంతకన్నా గట్టి ఆధారం అక్కర్లేదు.