డాక్టర్ సలహా: ఈ-సిగరెట్‌కు ఏ బ్యాటరీ మేలు?

ప్రశ్న: నా వయసు 41. ఇరవై ఏళ్లుగా రోజుకో పెట్టె సిగరెట్లు కాలుస్తున్నాను. లండన్‌లో ఉండే మా బావమరిది సిగరెట్ మానేసి వేప్‌కు (ఈ-సిగరెట్‌కు) మారాడు. వచ్చే నెల ఇక్కడికి వస్తూ నాకూ ఒక స్టార్టర్ కిట్ తెస్తానంటున్నాడు. బ్యాటరీ లోపలే ఉండే పెన్ను రకం తెమ్మనాలా, విడిగా 18650 బ్యాటరీ వేసుకునే రకం తెమ్మనాలా? ఏది సురక్షితం? - ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: ఈ రెండింటిలో ప్రమాదం ఎక్కువ ఉన్నది విడి బ్యాటరీలతోనే. అయినా, మీరు ఏ రకమూ తెప్పించుకోవద్దనే నా సలహా.

18 మిల్లీమీటర్ల వ్యాసం, 65 మిల్లీమీటర్ల పొడవు ఉండే లిథియం అయాన్ బ్యాటరీని 18650 అంటారు. పూర్తిగా ఛార్జ్ అయినప్పుడు అది 4.2 వోల్టులు ఇస్తుంది. దాన్ని దగ్గరగా చూస్తే, పైన చిన్న బొడిపె ఒక్కటే ప్లస్. మిగిలిన లోహపు డబ్బా అంతా మైనస్. ఈ రెండూ కలవకుండా కాపాడేది పైఅంచున ఉండే సన్నని రింగు, కాగితమంత పలుచని ప్లాస్టిక్ తొడుగు మాత్రమే. ఆ తొడుగు అంచున కాస్త చిరిగిన బ్యాటరీని తాళంచెవులు, చిల్లర ఉన్న ప్యాంటు జేబులో వేసుకుంటే, ఒక్క తాళంచెవి రెండు వైపులా తగిలినా షార్ట్ అయి, క్షణాల్లో లోపలి రసాయనాలు మండిపోతాయి. అందుకే ఈ గాయాలు ఎక్కువగా తొడల మీద, చేతుల మీద, ముఖం మీద కనిపిస్తాయి. వేడికి కాలడంతో పాటు రసాయనం వల్ల కూడా చర్మం లోతుగా దెబ్బతింటుంది కాబట్టి, అలాంటి గాయంతో ఆసుపత్రికి వెళ్లేవారు అది బ్యాటరీ వల్ల అయిందని తప్పక చెప్పాలి. 2018లో ఫ్లోరిడాలో ఒకరు, 2019లో టెక్సాస్‌లో 24 ఏళ్ల యువకుడొకరు వేప్ పేలి ప్రాణాలే కోల్పోయారు. ఇవి అరుదైన ఘటనలే కానీ, రక్షణ సర్క్యూట్ లేని ‘మెకానికల్ మోడ్’ అనే రకం వేప్‌లలో ఈ ముప్పు మరీ ఎక్కువ.

మీ బావమరిది ఇప్పటికే వాడుతున్నాడు కాబట్టి ఆయనకు ఈ మాటలు చెప్పండి: విడి బ్యాటరీని ప్లాస్టిక్ డబ్బాలోనే ఉంచాలి, తొడుగు చిరిగినా ఉబ్బినా వాడకూడదు, రాత్రి పడుకునేటప్పుడు ఛార్జింగ్‌లో పెట్టి వదిలేయకూడదు.

ఇక చట్టం సంగతి. బ్రిటన్‌లో పొగ మానడానికి సాయంగా వేప్‌ను వైద్యులే సూచిస్తారు. అక్కడ ద్రవంలో నికోటిన్ మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాములు మించకూడదన్న పరిమితి కూడా ఉంది. మన దేశంలో మాత్రం 2019 నాటి చట్టం ఈ-సిగరెట్ల తయారీ, దిగుమతి, అమ్మకాలను నిషేధించింది. మొదటిసారి పట్టుబడితే ఏడాది వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. మీ మీద ప్రేమతో తెచ్చే కానుక ఆయనను విమానాశ్రయంలోనే చిక్కుల్లో పడేయవచ్చు. ఇక్కడ చాటుగా అమ్మే సరుకులోని ద్రవానికి గానీ బ్యాటరీకి గానీ ఎవరి తనిఖీ ఉండదు.

మీరు సిగరెట్ మానాలనుకోవడం నాకు చాలా సంతోషంగా ఉంది. దానికి ఇక్కడే మంచి మార్గాలున్నాయి. నిద్ర లేచిన అరగంటలోపే మొదటి సిగరెట్ వెలిగిస్తున్నారా? అయితే మీకు 4 మిల్లీగ్రాముల నికోటిన్ గమ్ అవసరం కావచ్చు. దానికి డాక్టర్ చీటీ కావాలి. 2 మిల్లీగ్రాములది చీటీ లేకుండానే దొరుకుతుంది. చాలామంది దీన్ని మామూలు చూయింగ్ గమ్‌లా నమిలి, కడుపులో మంట వచ్చి మానేస్తారు. మిరియాల ఘాటు తగిలేదాకా మెల్లగా నమిలి, తర్వాత బుగ్గకు, చిగురుకు మధ్య నొక్కి ఉంచాలి. ఘాటు తగ్గాక మళ్లీ నమలాలి. టీ, కాఫీ తాగిన పావుగంట వరకు వేసుకోకూడదు. గమ్ చాలకపోతే చర్మానికి అంటించుకునే నికోటిన్ ప్యాచ్ కలపవచ్చు, లేదా మానే తేదీకి వారం ముందు మొదలుపెట్టి 12 వారాలు వాడే వరెనిక్లిన్ మాత్రలు ఉన్నాయి.

జాతీయ పొగాకు క్విట్‌లైన్ 1800 11 2356కు ఫోన్ చేస్తే ఉచితంగా కౌన్సెలింగ్ ఇస్తారు. మీకు గుండె జబ్బు, మూర్ఛ లేదా కిడ్నీ సమస్య ఉంటే, ఈ మందుల్లో ఏది మొదలుపెట్టే ముందైనా ఆ విషయం మీ డాక్టర్‌కు చెప్పండి.