ఒకారినాలో శ్రుతి ఊపిరిదే

ప్రశ్న: 12 రంధ్రాల మట్టి ఒకారినా (బోలుగా ఉండే చిన్న ఊదుడు వాద్యం) కొనుక్కుని సొంతంగా నేర్చుకుంటున్నాను. పటం చూసి వేళ్లు సరిగ్గానే పెడుతున్నాను. అయినా కింది స్వరాలు కీచుమంటున్నాయి, పై స్వరాల్లో గాలి చప్పుడే ఎక్కువగా వినిపిస్తోంది. కీబోర్డుతో కలిపి వాయిస్తే ఏ స్వరమూ శ్రుతిలో ఉండటం లేదు. లోపం వాద్యంలో ఉందా, నా సాధనలో ఉందా?
– ఒక పాఠకురాలు

జవాబు: మీరు చెప్పిన లక్షణాలను బట్టి చూస్తే, ముందుగా సరిచూసుకోవలసింది ఊపిరిని. వేణువులో ఏ రంధ్రం ఎక్కడ ఉందన్నది స్వరాన్ని నిర్ణయిస్తుంది. గట్టిగా ఊదితే పై స్థాయి కూడా పలుకుతుంది. ఒకారినా అలాంటిది కాదు. దాని బోలు గర్భంలోని గాలి అంతా ఒక్కటిగా కంపిస్తుంది కనుక, తెరిచి ఉన్న రంధ్రాల మొత్తం వైశాల్యాన్ని బట్టే స్వరం మారుతుంది. గట్టిగా ఊదితే పై స్థాయి పలకకపోగా, ఉన్న స్వరమే శ్రుతి దాటి పైకి జరిగి, చివరికి చీలిపోతుంది. మీరు వింటున్న కీచుదనం అదే.

కాబట్టి కింది స్వరాలకు అద్దం మీద ఆవిరి పట్టించేటంత మెత్తని ఊపిరి చాలు. అక్కడినుంచి ఒక్కొక్క వేలు ఎత్తేకొద్దీ ఒత్తిడిని కొంచెం కొంచెంగా పెంచుకుంటూ పోవాలి. ఫోనులో ట్యూనర్ (స్వరం శ్రుతిలో ఉందో లేదో ముల్లుతో చూపే యాప్) పెట్టుకుని, ఒక్కో స్వరాన్ని ఊపిరి నిండా నిలిపి, ముల్లు మధ్యలో కుదురుగా ఆగే ఒత్తిడి ఎంతో ఒంటికి పట్టేవరకు సాధన చేయండి. పాటల జోలికి వెళ్లే ముందు కొన్ని వారాలు ఈ పని చేయడం విసుగనిపించినా, దీనికి ప్రత్యామ్నాయం ఉందని నేను అనుకోను.

వేళ్లతో మూసే రంధ్రాల పక్కనే ఉన్న రెండు చిన్న ఉపరంధ్రాలను ప్రస్తుతానికి తెరిచే ఉంచండి. 1853లో ఇటలీలోని బుద్రియోలో జుసెప్పె దొనాతి రూపుదిద్దిన ఒకారినా నుంచి వచ్చిన 10 రంధ్రాల వాద్యాల్లో అవి ఉండవు. మరింత కింది స్వరాల కోసం జపానులో తర్వాత చేర్చారు. ఆ స్వరాలు అతి సున్నితమైనవి కనుక, కొత్తవారు వాటితో మొదలుపెట్టకపోవడమే మేలు. మిగిలిన రంధ్రాలను వేలి కొనతో కాక, మెత్తని భాగంతో మూయండి. వెంట్రుకవాసి సందు మిగిలినా స్వరం పైకి పోతుంది.

పై స్వరాల దగ్గర ఊపిరి పెంచడంతో పాటు, గడ్డాన్ని ఛాతీ వైపు కొద్దిగా వంచితే గాలి చప్పుడు చాలావరకు తగ్గుతుంది. చివరి స్వరాలకు బొటనవేళ్లు రెండూ లేస్తాయి కాబట్టి, వాద్యం జారిపోకుండా కుడి చిటికెనవేలిని తోక (వాద్యపు సన్నని కుడి చివర) మీద ఆనించే అలవాటు ఇప్పటినుంచే చేసుకోవాలి.

కాసేపు వాయించాక గరగర మొదలైతే అది ఊదే సన్నని దారిలో చేరిన తేమ. పలుచని కాగితపు ముక్కతో దానిని అద్దండి. లోహపు వస్తువులతో గుచ్చితే శబ్దం పుట్టించే అంచు దెబ్బతింటుంది, దాన్ని బాగుచేయడం కష్టం.

ఇక వాద్యం సంగతి. కింది నుంచి పై వరకు క్రమంగా పెరిగే ఊపిరితో స్వరాలన్నీ ట్యూనర్‌కు కుదిరితే వాద్యం మంచిదే. మధ్యలో ఏదో ఒక స్వరం తన కిందిదానికన్నా తక్కువ ఊపిరి అడిగినా, ఎంత ఊదినా అందకపోయినా, లోపం తయారీలోనే ఉందని నిశ్చయించుకుని మార్చుకోండి.