రోమన్ల కాలం కామెడీ గేమ్‌కు 12+ ఎందుకు?

హన్మకొండ నుంచి ఒక తండ్రి ప్రశ్న: తొమ్మిదేళ్ల బాబు రోమన్ల కాలంలో నడిచే కామెడీ అడ్వెంచర్ గేమ్ అడుగుతున్నాడు. అంతా కార్టూన్ లాగే ఉంది, కానీ ప్లే స్టోర్‌లో 12+ అని ఉంది. ఆడటం అంత కష్టమా?

కష్టానికీ ఆ అంకెకూ సంబంధం లేదన్నా. చాలామంది ఇక్కడే పొరబడతారు. గేమ్‌లో ఏం కనిపిస్తుంది, ఏం వినిపిస్తుంది అన్నదే లెక్క. మన ప్లే స్టోర్‌లో కనిపించే 3+, 7+, 12+, 16+, 18+ అంకెలు ఐఏఆర్‌సీ అనే అంతర్జాతీయ వయసు రేటింగ్ పద్ధతివి. గేమ్ తయారుచేసినవాళ్లు నింపే ప్రశ్నావళిని బట్టి రేటింగ్ వస్తుంది.

ఎక్కడ గీత గీస్తారో యూరప్ వాళ్ల గేమ్ వయసు రేటింగ్ అయిన పెగీ లెక్కతో చెబితే తేలిగ్గా అర్థమవుతుంది. సైనికుణ్ణి గుద్దితే తల చుట్టూ చుక్కలు తిరిగే రకం దెబ్బలైతే 7తో సరిపోవచ్చు. మనుషుల్లా కనిపించే గ్లాడియేటర్లు కత్తులతో కొట్టుకుంటే, నవ్వు కోసమే అయినా, 12కు పోవచ్చు. ద్వంద్వార్థపు జోకులు, చిన్నపాటి తిట్లు ఉన్నా అంతే. నా అంచనాకు కామెడీ గేములు కత్తుల కన్నా ఈ మాటల దగ్గరే ఎక్కువగా ఇరుక్కుంటాయి. రోమన్ విందు అంటే ద్రాక్షసారా తప్పదు కదా, అమెరికాలో గేములకు రేటింగ్ ఇచ్చే ఈఎస్‌ఆర్‌బీ దాన్ని కూడా విడిగా రాస్తుంది.

స్టోర్‌లో ఆ అంకె మీద నొక్కితే కారణం కనిపిస్తుంది. తర్వాత యూట్యూబ్‌లో ఎవరైనా ఆడుతున్న వీడియో పది నిమిషాలు, సౌండ్ పెట్టి చూడండి. బాబును ఖిలా వరంగల్ తీసుకెళ్తే "ఇక్కడ యుద్ధాలు ఎట్ల జరిగినయి?" అని అడిగే వయసే కాబట్టి కత్తులకు నేను భయపడను, జోకులు మాత్రం ముందు వింటాను.